అరవయ్యో వంతు

పెనుమూరు గానుగ కాడ, పాకం పొంగే పొద్దున,
మునిరత్నం చేతిలో పెట్టినా ఫోటో.

ఉత్తరాన చివరి ఊరది. మైనస్ ముప్పై ఆరు.
బ్యాటరీని చంకలో పెట్టుకోని
గుడ్డు పొదిగినట్టు పొదిగినా.
ఒకామె నిచ్చెనెక్కి ఇంజన్ల మీది బొంతలు తీసింది.
మా నాయన కంటే ముందు పుట్టిన విమానం
ఇంకా డీజిలు పీపాలూ ఉర్లగడ్డలూ మోస్తా ఉంది.
ఒక దగ్గు. పొగ. ఇంకో దగ్గు.
పంకా సగం తిరిగి, ఆలోచించి, తిరిగింది.

షట్టరు వేగం పెంచితే
పంకా గడ్డకట్టి, గాల్లో శవం పడతాది.
సెకనులో అరవయ్యో వంతుకు దించితే
పంకా బతుకుతాది, నా చెయ్యి వణుకుతాది.
రెండు వందలు తీస్తే నిలిచింది ఇదొకటే.

ఇదంతా చెప్పాలనుకున్నా.

ఆయిలింజను విప్పుతా ఉన్న మనిషి
చేతులు పంచెకు తుడుచుకోని
ఎండకు ఎత్తి చూసినాడు.
ఏ దేశమని అడగలా. మంచు మాట ఎత్తలా.
"ఎడం పక్కది సరింగా కాలడం లే,
పొగ చూడప్పా" అన్నాడు.

ఆ పొగ బాగుందనే కదా
ఇంత పెద్దగా అచ్చేయించింది.

తిరిగిచ్చినాక చూస్తే
తెల్లటి రన్‌వే మీద
నల్లగా, సుళ్ళు తిరిగి,
అతని బొటనవేలు.