పొగ చదివిన మనిషి

కంచరపాలెం మెట్టు దగ్గర గవరయ్య మేస్త్రి షెడ్డు.
డిప్లొమా కాగితం చేతబట్టుకుని మొదటిరోజు వెళ్తే
నన్ను తీసుకెళ్లి సైలెన్సరు వెనక నిలబెట్టాడు.
"ఇంజను నోటితో సెప్పదమ్మా, ఎనకనించి సెప్తాది."

నల్లగా వస్తే ఆబగా డీజిలు తాగుతోందని,
నీలంగా వస్తే నూనె కాలుతోందని,
ఇంజను వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే
గాస్కెట్టు పోయి లోపలికి నీళ్లు దిగుతున్నాయని.
మూడు రంగులు. అంతే అక్షరమాల.
వైద్యుడు నాడి పట్టినట్టు
ఆయన పొగ పట్టి రోగం చెప్పేవాడు.

నా ముప్పై రెండేళ్ల ఉద్యోగం
ఆ అక్షరమాలని చెరిపెయ్యడం.

గాజువాక ల్యాబులో రోలర్ల మీద
ఎక్కడికీ పోని లారీని నడిపించాను.
సింహాచలం ఘాటు రోడ్డంత ఎత్తు ఎక్కించాను, దింపాను,
ఉన్నచోటే నాలుగు లక్షల కిలోమీటర్లు.
నాజిల్ కన్నం ఇంకెంత సన్నబడాలో,
తేనెపట్టులాంటి పింగాణీ అరల్లో
మసి ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కాలాలో.
గ్రాములు, మిల్లీగ్రాములు, ఆపైన
కంటికి ఆనని రేణువుల లెక్క.
ఇంట్లో గోడ మీద పిల్లాడి ఎత్తు గీతలు పైకి పోతుంటే
ల్యాబులో నా గీత కిందికి దిగేది.

ఒకే ఒక్కసారి,
తొంభై తొమ్మిది నవంబరు,
హార్బర్లో ఓడ ఆగి ఉంది, గేటు దగ్గర ఖనిజం లారీల బారు,
పై ఆఫీసరు నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.
మీటరు డెబ్భై ఒకటి అంది.
నేను అరవై నాలుగు రాశాను.
ఆ లారీ నంబరు ఇప్పటికీ నోటికొచ్చు.
కొడుకు ఫోను నంబరు మాత్రం చూసి చెప్పాల్సిందే.

రిటైరైన రోజు శాలువా కప్పారు.
"కనకరత్నం గారు గాలిని కడిగారు" అన్నాడొకాయన, మైకు కీచుమంటుంటే.
జ్ఞానాపురం వచ్చి, చెప్పులైనా విప్పకుండా
బాల్కనీ ఊచ మీద వేలితో రాసి చూశాను.
నలుపు.
ఇది బండ్లది కాదు, పోర్టు బొగ్గు.
వేళ్ల మధ్య నలిపితే గరుకుని బట్టి చెప్పగలను.
చెప్పగలిగినంత మాత్రాన
తీగ మీది చీర తెల్లబడదు.

మొన్న గవరయ్యని కరెంటు బస్సెక్కించాను.
ఎనభై దాటాడు, మెట్టు ఎక్కడానికి నా మోచెయ్యి పట్టుకున్నాడు.
జగదాంబ దగ్గర దిగాక
అలవాటుగా నడిచి వెళ్లి బస్సు వెనక నిలబడ్డాడు.
గొట్టం లేదు.
వంగి చూశాడు, ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి చూశాడు.
"ఏటీ సెప్పడం నేదమ్మా ఇది."
మెచ్చుకున్నాడనే అనుకున్నాను, ఒక్క క్షణం
శాలువా కప్పినట్టే అయింది.

బస్సు కదిలింది.
ఆయన తల పక్కకి వాల్చి
అది మలుపు తిరిగేదాకా చెవి దాని మీదే ఉంచాడు.
"ఎడం ఎనక సక్రం బేరింగు" అన్నాడు.
"నెల్లాళ్లు ఆగదు."