మోకు

పావు సీసా కల్లు, దూది బిరడా.
గీసుకొండ నుంచి బస్సులో
నురగ పొంగకుండా బొటనవేలు నొక్కిపట్టి తెచ్చాను.
పక్క సీటామె ముక్కు మూసుకుని
"సదువుకున్నట్టున్నవ్, గిదేం అలవాటు బిడ్డా" అన్నది.
ఈస్టు కోసమని చెప్పలేదు.
చెప్తే కండక్టరు కూడా నవ్వేవాడు.

హన్మకొండలో, మెట్ల కింద మా మైక్రోస్కోపు గది.
ఒక్క చుక్కలో ఎన్ని గుండ్రటి గింజలో,
ఒక్కోదాని భుజాన ఒక మొగ్గ.
తల్లికీ మొగ్గకీ మధ్య సన్నటి మెడ.
ఆ సందులోంచే ఆస్తంతా పంచాలి.

పక్క పళ్లెంలో మేం పెంచుకునే రకం,
పేరు లేదు, నంబరే.
పదహారు క్రోమోజోములు. ఒక్కోటీ రెండై
కోహెసిన్ ఉంగరాల్లో జంటగా నిలబడుతుంది.
ఇటు కొస నుంచి ఒక పోగు, అటు కొస నుంచి ఒక పోగు.
మన ఒంట్లో అయితే ఒక్కో పట్టుకి గుత్తెడు పోగులు.
ఈ పేదదానికి ఒక్కటే.
జారితే రెండోది లేదు.

పోగుని పట్టే చెయ్యి ఒక ప్రోటీను కాదు, గుంపు,
పదుల కొద్దీ, ఒకదాని భుజం మీద ఒకటి.
చివర డామ్ అనే ఉంగరం పోగు చుట్టూ తిరిగి ఉంటుంది.
పుస్తకంలో బొమ్మ చూసి ఏడాది పాటు అర్థం కాలేదు.
మొగిలి గౌడు మోకు చూశాక అయింది.

చెట్టునూ మనిషినీ కలిపి ఒక్క చుట్టు.
ఎక్కేముందు ప్రతిసారీ
నేలకి రెండు జానల ఎత్తున వెనక్కి వాలి చూస్తాడు.
కిర్రుమంటే పైకి.
లేకుంటే విప్పి మళ్లీ కడతాడు.
"ముప్పై ఏండ్ల సంది ఎక్కుతున్నవ్, ఇంకా నమ్మకం లేదా?"
"మోకును ఎందుకు నమ్మాలె? బిగువును నమ్మాలె."

కణంలోనూ అదే వాలడం.
పోగులు ఎదురెదురు దిక్కులకి లాగితే బిగువు.
రెండూ ఒకే దిక్కువైతే వదులు.
అప్పుడు ఆరోరా వచ్చి ముడి విప్పేస్తుంది.
తిట్టదు. మళ్లీ కట్టుకో అంటుంది.
ఒక్కటి ఖాళీ చేతులతో ఉన్నా
మిగతా పదిహేను జంటలూ ఆగుతాయి.
అన్నీ బిగిశాకే ఉంగరాలు తెగేది,
పోగులు కొసల నుంచి కరిగేది.
పైనుంచి కరిగిపోతున్న తాటిచెట్టును ఊహించు,
మోకు వదలకుండా దానితో పాటే కిందికి జారే మనిషిని.

మే పద్నాలుగు. రాత్రి కరెంటు పోయింది.
ఇన్వర్టరు గంటన్నర.
మా నంబరు రకంలో ఆరోరా చెడ్డది, కావాలని చెడగొట్టిందే;
ఇరవై ఐదు డిగ్రీల్లో బుద్ధిగా ఉంటుంది,
ముప్పై ఏడుకి చేరితే ముడి విప్పడం మర్చిపోతుంది.
వరంగల్ ఎండాకాలానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?
అర్ధరాత్రి కూడా గోడలు సెగ కక్కాయి.

తెల్లారి చూస్తే
గుర్తు పెట్టిన ఆకుపచ్చ చుక్కలు రెండూ మొగ్గలోనే.
తల్లిలో చీకటి.
రెండొందలు లెక్కపెట్టాను, నూట అరవై రెండు తప్పు.
ఏ ఒక్కటీ ఆగలేదు.
అంతా సరిగ్గానే ఉందనుకుని విడిపోయాయి.
అదే గదిలో, అదే ఉడుకులో
కల్లు సీసాలోవి మాత్రం
దూది బిరడాని ఎగదన్ని నేల మీద పడేశాయి.

మళ్లీ గీసుకొండ.
మొగిలి గౌడు సగం చెట్టు మీద ఆగి ఉన్నాడు.
ఒకసారి వాలాడు. ఇంకోసారి.
ఏమీ అనకుండా దిగొచ్చాడు.
"ఇయ్యాల వద్దు" అని
మోకులో ఒక పేట చూపించాడు.
తెగలేదు. కొంచెం లేచి ఉంది, అంతే.

సీసా ఖాళీగా తిరిగొచ్చింది.
బస్సులో ఈసారి ఎవరూ ముక్కు మూసుకోలేదు.