నీడల కొలత

ఆఫీసు గోడ మీది పటంలో
తెలంగాణ అంతా ఒకటే రంగు,
బాగా మాగిన బొప్పాయి ముక్క.
ఎక్కడ వేలు పెట్టినా ఎండే.
కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లని
మా సారు ఫోన్లో ఎవరికో
ఏడాది పొడుగునా ఒకే గొంతుతో చెప్తుంటాడు.

నేను మెట్లెక్కేవాణ్ణి.
దిక్సూచి, టేపు,
చెమటకు మెత్తబడే ఒక ఫారం.

ఇవాళ తలాబ్‌కట్టలో కనీజ్ బీ డాబా.
పిట్టగోడ లేదు. "సంభాల్ కే బేటా" అన్నది.
కింద కోడళ్లిద్దరూ జరీ మగ్గం మీద వంగి ఉంటారు.
కరెంటు పోయినప్పుడల్లా
సూది పెదాల మధ్య పట్టుకుని ఆగిపోతారట.
"ఎండకేం తక్కువ మాకు?" అంటుంది.
నిజమే. మే నెలలో ఈ డాబా మీద
చెప్పులు విడిస్తే మళ్లీ తొడగలేం.

నేను కొలిచేది ఎండను కాదు కనీజ్ బీ,
నీడలను.
తూర్పున నీళ్ల ట్యాంకు, పొద్దున తొమ్మిది దాకా.
డిష్ చెడిపోయి నాలుగేళ్లయింది,
దాని నీడ మాత్రం రోజూ డ్యూటీకొస్తుంది.
నైరుతి మూలన పావురాల గూడు, పోయిన ఆయనది,
డిసెంబరులో మూడు గంటలకు బద్ధకంగా వాలి
రెండు పలకలను మింగేస్తుంది.

"తీసేస్తే?" అన్నాడు మనవడు ఫర్దీన్.
ఆమె జొన్నలు చల్లుతోంది.
వినలేదు. విన్నదేమో.

ఫారంలో అడ్డంకులు అని ఒక గడి.
గూడు అని రాసి, కొట్టేసి,
పది పలకల చోట ఎనిమిది వేశాను.

అప్పుడు చూశాను దక్షిణం వైపు,
పక్కింటి పిల్లర్ల నెత్తిన తుప్పుపట్టిన చువ్వలు,
ఇంకో అంతస్తు కోసం నిక్కి నిలబడ్డాయి.
"వాళ్ల పెద్దోడి పెళ్లికి కడతారంట."
కట్టని గోడ నీడకు నా దగ్గర గడి లేదు.
పలకకు ఇరవై అయిదేళ్ల గ్యారంటీ,
ఎండకు ఎవరిస్తారు సంతకం?

మెట్ల మధ్యలో ఉండగా సారు ఫోను.
"పటం ప్రకారం పది రావాలి కదా, ఎనిమిదేంటి?"
"పావురాలు సార్."

అంతలోనే కరెంటు పోయింది.
బ్యాటరీ పెట్టకపోతే
తీగలో కరెంటు పోగానే పైన పలకలూ ఆగిపోతాయని
వీళ్లకింకా చెప్పలేదు.
గదిలో చీకటి.
తలుపు సందులోంచి ఒక గీత ఎండ,
ఇద్దరి పెదాల మధ్య రెండు సూదులు
మెరుస్తున్నాయి.