ఆరో వరస

చీమకుర్తి క్వారీ అడుగున
వజ్రపు పూసల తీగ గెలాక్సీ రాయిని కోస్తోంది.
కోత మొదట్లో తీగ పొడుగు అరవై మీటర్లు,
చివరికొచ్చేసరికి పన్నెండు.
పొడుగు తీగ బద్ధకపు గేదె, గట్టిగా అదిలిస్తేగానీ కదలదు.
పొట్టి తీగ కోడెదూడ,
అదే అదిలింపుకి తాడు తెంచుకుంటుంది.

ఒక్క గెయిన్‌తో రెంటినీ తోలలేక
అయిదు వరసల పట్టిక రాశాను:
పొడుగు ఇంతుంటే పట్టు ఇంత,
నడుమ ఎక్కడున్నా ఆ రెంటినీ కలిపే తిన్నటి గీత.
డబ్బాలో పెట్టి తాళం వేశాను.

మీరావలి డబ్బా వంక చూళ్లేదు.
నీళ్ల పైపు పక్కన గొంతుక్కూచుని
కోత బురదని రెండు వేళ్ల మధ్య నలిపాడు.
"నీ మూడో వరసకీ నాలుగో వరసకీ మజ్జన
పగులుంది మేడం. గీతలో అది లేదు."

నవ్వాను.
ముప్పై మీటర్ల దగ్గర తీగ గొంతు మారింది.
ఆయన చెయ్యి అప్పటికే మీట మీదుంది,
తటాలున కాదు,
వేడి చారు ఊదుకుని తాగినట్టు, కొంచెం కొంచెం.
తొందరపడి వరస మారిస్తే
సరైన లెక్క కూడా తీగని తెంపుతుందని
నేను పుస్తకంలో చదివాను.
ఆయనకది ఎడమ భుజం మీద, జానెడు మచ్చ.

సాయంత్రం రాయి విడిపోయింది.
కోసిన మొహం నిండా బంగారు నలుసులు.

డబ్బా తెరిచాను. ఆరో వరస.
పొడుగు: ముప్పై. పట్టు: సగం.
దేంతో కొలవాలి అనే గడి దగ్గర
చాలాసేపు ఆగి,
బురద, అని రాశాను.