నీళ్ళతో పోని మంట

బోర్డు మీద గుండ్రంగా ఒక తల గీసి
కిందికి రెండు తోకలు వేలాడదీశాను.
"రెండు తోకల తోకకప్ప" అంది వెనక బెంచీ.
నవ్వనిచ్చాను.
ఫిబ్రవరి చివర గుంటూరు. యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
సగం క్లాసు తుమ్ముతుంది, నేను ఆగుతాను,
మిగతా సగం తుమ్మాక మళ్ళీ మొదలెడతాను.

తలకు నీళ్ళంటే ఇష్టం. తోకలకు గిట్టదు.
అంతే పాఠం. మిగిలిందంతా ఆ అలకలోంచి పుట్టిందే.
నీళ్ళలో వదిలితే ఇవి వాటంతటవే
తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి
రెండు వరుసల్లో సర్దుకుంటాయి.
మేస్త్రీ లేడు, తాపీ లేదు, గోడ లేస్తుంది.
గోడ అనకూడదేమో.
ఏ ఇటుకా తన చోట ఉండని గోడ,
తిరనాళ్ళలో జనంలా ఒరుసుకుంటూ
పక్కవాడితో చోటు మార్చుకుంటూనే ఉండే గోడ.
ఆ పల్చటి జిడ్డు లేకపోతే
నాకూ, నేను ఇప్పుడే తాగిన గ్లాసుడు నీళ్ళకూ
మధ్య హద్దు లేదు.

"కొన్ని తోకలకు మోకాలి దగ్గర వంపుంటుంది.
వంగినవి ఆనుకుని కూర్చోలేవు. అందుకే
డిసెంబరు పొద్దున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి
దువ్వెన పట్టుకున్నవాణ్ణి నిలబెడుతుంది,
పక్క డబ్బాలో వేరుశనగ నూనె
చలి సంగతే తెలియనట్టు ఒలుకుతుంది."
ఇది రాసుకున్నారు. పరీక్షకు వస్తుందని.

నా జేబులో కొత్తపేట ల్యాబు కాగితం, నాలుగు మడతలు.
కొలెస్ట్రాల్ రెండొందల నలభై ఒకటి, కింద ఎర్ర గీత.
డాక్టరు దాన్ని దొంగ పేరు చదివినట్టు చదివాడు.
నేనేమో ఆ కాగితం మీదే చెయ్యి వేసుకుని
"ఎండకు పొర జారిపోకుండా పట్టుకునేది ఇదే,
చలికి బిగుసుకోకుండా మధ్యలో దూరేది ఇదే,
మీ కొత్త మీసాలకు ముడిసరుకూ ఇదే" అంటున్నాను.
నిన్నటి నుంచి నెయ్యి మానేశానని మాత్రం చెప్పలేదు.

"నీళ్ళలో కరగనిది, కొవ్వులో కరిగేది, ఒకటి చెప్పండి."
ఏ, డి, ఇ, కె అని వస్తాయనుకున్నాను.
మూడో బెంచీలో సలోమి లేచింది.
"కారం సార్."

క్లాసు నవ్వబోయి ఆగింది.
"మా అమ్మ తొడిమలు తీస్తది యార్డులో.
ఎన్ని నీళ్ళు పోసినా చేతుల మంట పోదు,
ఇంకా పైకి పాకుద్ది.
ఆముదం రాసి గుడ్డతో తుడిస్తే కొంచెం దిగుద్ది."

సుద్దముక్క నా చేతిలోనే ఉంది.
ఇరవై రెండేళ్ళుగా ఉప్పు, చక్కెర, కిరసనాయిలు అంటూ
ఈ ఊళ్ళో ఇదే పాఠం చెబుతున్నాను.
కిటికీలోంచి రోజూ వచ్చి
నా ముక్కుపుటాలు కాల్చి వెళ్ళేదాని పేరు
ఒక్కసారీ బోర్డెక్కలేదు.
కారమూ జిడ్డు జాతిదే అన్నాను, గొంతు సవరించుకుని.
మన పొర దానికి పరాయిల్లు కాదు,
చుట్టం ఇంట్లోకి వచ్చినట్టు తలుపు తట్టకుండా వస్తుంది.
నీళ్ళు బయట నిలబడి పిలుస్తాయి. అది పలకదు.
ఆముదం అయితే పిలవగానే వస్తుంది.

బెల్లు కొట్టారు. ఒక మాట మిగిలిపోయింది,
ఇక్కడ రాస్తున్నాను, సలోమీ.

మంట కబురు తొడుగు లేని సన్నటి తీగ మీద వస్తుంది,
నెమ్మదిగా, చెప్పుల్లేని మనిషి ఎండలో నడిచినట్టు.
తాకిడి కబురు మోసే తీగకు మాత్రం
పొరలు పొరలుగా కొవ్వు చుట్టి ఉంటుంది.
దాని మీద కబురు నడవదు,
కణుపు కణుపుకీ దూకుతుంది.
సాయంత్రం ఆముదం గిన్నె పక్కన పెట్టుకుని
అమ్మ అరచెయ్యి నువ్వు ఒళ్ళోకి తీసుకుంటే
నీ బొటనవేలి ఒత్తిడి ముందు చేరుతుంది.
ఆ ఒత్తిడికి రేగిన మంట వెనకాల వస్తుంది.

ఎంత ముందు అంటావా,
సెకనులో చిన్న ముక్క.
కిలోకింత అని కూలి లెక్కగట్టే గుమాస్తా
కాటాలో తూగనంత.