వేలాడే కిలో

గాజులమండ్యం ఎస్టేట్‌లో మా గది ఒక్కటే చల్లన.
ఇరవై మూడు డిగ్రీలు. గోడ మీద రాసుంది,
స్వామి పటం కింద.
బయట రేణిగుంట మే నెల
తారు నమిలి రోడ్డు మీద ఉమ్ముతుంటుంది.

స్టీలు పలకను మూడుసార్లు తుడుస్తాను.
మూడోసారి గుడ్డ తెల్లగా రావాలి.
అంగుళం వెడల్పు టేపు. చేత్తో ఒత్తకూడదు,
చెయ్యి ఒకరోజు కోపంగా ఒత్తుతుంది, ఒకరోజు దిగులుగా.
రెండు కిలోల రోలరు తన బరువుతోనే
పోయి రావాలి, పోయి రావాలి.
ఆ తర్వాత ఇరవై నిమిషాలు
జిగురు కుదురుకోవాలి. నేనూ.

మిషను టేపును వెనక్కి మడిచి
వచ్చిన దారినే లాగుతుంది, చర్రున.
అంకె వస్తుంది, రాస్తాను.
కానీ నేను చూసేది పలకని.
శుభ్రంగా ఉంటే ఒక మాట.
జిగురు తనలో తాను చీలి
సగం పలక మీద, సగం టేపు మీద మిగిలితే ఇంకో మాట.
మొదటిది పట్టు చాలకపోవడం.
రెండోది వదల్లేక లోపల తెగిపోవడం.
రెండింటికీ రిజిస్టర్లో ఒకటే గడి ఉండేది.
స్కేలు పెట్టి నేనే గీత కొట్టాను.

మా మేనమామ పుత్తూరులో కట్లు కట్టేవాడు.
ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు.
గుడ్డ కొసను బొటనవేలితో ఒత్తి
"పట్టింది, పో" అనేవాడు.
ఎంత పట్టిందని ఎవరూ అడగలేదు ఆయన్ని.

నన్ను అడుగుతారు.
దామలచెరువు మండీ నుంచి చెంగప్ప ఫోను:
"మొగిలి ఘాటు ఎక్కేలోపలే
బేనీషా పెట్టెలు నోళ్ళు తెరిచేసినాయి మేడమ్,
సగం కాయ లారీలోనే నలిగిపాయ.
మీ సర్టిఫికెట్టు గోడకు అంటించుకునేదా?
దానికైనా ఈ టేపు పనికొస్తాదా?"

ఆ రాత్రి పదింటికి అదే టేపు
నిలువు పలకలకు ఆరు ముక్కలు,
ఒక్కోదానికి చదరంగుళం పట్టు,
ఒక్కోదానికి వేలాడే కిలో.
బరువు పడితే కింద మీట నొక్కుకుంటుంది,
గడియారం ఆగుతుంది.
పడటాన్ని మనిషి చూడక్కర్లేదు.

రెండుంబావుకు కరెంటు పోయింది.
డీజిల్ లేదన్నాడు వాచ్‌మన్ మునస్వామి.
ఆరు గడియారాలూ ఆగాయి,
ఆరు కిలోలూ వేలాడుతూనే ఉన్నాయి.
రేకుల కప్పు పగలు దాచుకున్న ఎండను
కొంచెం కొంచెం కిందికి దించింది.
సెల్లు వెలుతురులో కూర్చుని చూశాను.
ఊడటం అంటే టపీమని కాదు.
పెన్సిలు గీత నుంచి వెంట్రుకంత.
చాలాసేపు ఏమీ లేదు.
మళ్ళీ వెంట్రుకంత.
దబ్ అన్నప్పుడల్లా అరచేతి మీద రాసుకున్నాను:
మూడూ అయిదు. మూడూ నలభై.
నాలుగూ ఇరవైకి రెండు, ఒకదాని వెనక ఒకటి.

"కరెంటు పోయినాక అది టెస్టే కాదమ్మా,"
అన్నాడు పొద్దున చెంగల్రాయులు సార్.
"మళ్ళీ పెట్టు, ఇరవై మూడులో."
"లారీలో ఏసీ ఉంటాదా సార్?"
ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు.
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మూడుసార్లు.

మళ్ళీ పెట్టాను.
డెబ్బై రెండు గంటలు, ఆరుకు ఆరూ నిలబడ్డాయి.
సర్టిఫికెట్టు వెళ్ళింది, నా సంతకంతోనే.
రిమార్కుల గడిలో మాత్రం చిన్న అక్షరాలతో
అరచేతి టైములన్నీ ఎక్కించాను.
ముప్పై ఆరు డిగ్రీలు, కరెంటు లేదు, చూసింది నేను,
యశోదమ్మ.
చెంగప్పకు అదే పేజీ ఫోటో తీసి పంపాను.
ఇంకా తెరిచి చూసినట్టు లేదు.

సాయంత్రం తిరుపతి బస్సు.
నిలబడే చోటు కూడా లేదు.
చెమటకు నా స్టిక్కరు బొట్టు
కనుబొమ్మ మీదికి జారింది.
తీసి కిటికీ చువ్వకు అంటించాను,
బొటనవేలితో, గట్టిగా.
రేపు ఇదే బస్సు దొరికితే
చూడాలి.