నల్లరేకు

సైదాపురం దాటాక, క్వారీ దారిలో
గని మూతపడి ఏళ్లయినా
ఇంకా మూతపడని ఒక రేకుల షెడ్డు.
కాకిబంగారం పొరలు చీల్చే ముగ్గురు ఆడవాళ్లు.
నేలంతా అభ్రకం పొడి,
మడమల పగుళ్లలో కూడా మెరుపు.

నేను పోయింది నల్లరేకు కోసం.
"తెల్లది గదమ్మా కాసులిచ్చేది,
నల్లది కుప్పలో పారేస్తాం" అంది చెంగమ్మ.
ఆ కుప్పే చూపించమన్నా.
వెర్రిదాన్ని చూసినట్టు చూసింది,
అయినా సంచి నింపింది.
డబ్బులొద్దంది. ముగ్గురికీ టీ చెప్పమంది,
మూడు గ్లాసులూ వేరేగా.

"ఏముండాదిమే ఇందులో?" పెంచలమ్మ అడిగింది.
చెప్పాను:
పొర లోపల ఇనుము
సందుచుక్కల ముగ్గులాగా పరిచి ఉంటుంది,
ఎక్కడ చూసినా మూడు చుక్కలు, ఒక ముక్కోణం.
చుక్క చుక్కకీ దిక్సూచికున్నట్టు ఒక ముల్లు.
దాని పంతం ఒకటే, పక్కదానికి ఎదురు తిరగాలి.
ఇద్దరైతే చిక్కులేదు, ఒకటి పైకి, ఒకటి కిందికి.
మూడోది?
పైకి తిరిగితే పైదానితో ఒకటైపోతుంది,
కిందికి తిరిగితే కిందిదానితో.
ఎటు తిరిగినా ఎవరిదో ఒకరి పంతం వీగిపోవాల్సిందే.

మస్తాన్‌బీ కత్తి ఆపింది.
"ఇది మా చీటీ కత గదా."

పన్నెండేళ్ల కింద, యాభై వేల చీటీ.
పాట పాడింది ఒకరు, పూచీ పడింది ఒకరు,
మునిగింది ఒకరు.
ఎవరు ఏదో ఇప్పటికీ మూడు రకాలుగా చెబుతారు.
ఆనాటి నుంచి ఒకే బల్బు కింద
ఒకరు రోడ్డు వైపు, ఒకరు కుప్ప వైపు,
ఒకరు తుమ్మచెట్ల వైపు తిరిగి కూర్చుంటారు,
పొయ్యిరాళ్లు మంటకి వీపు పెట్టినట్టు.
సరిగ్గా నూట ఇరవై డిగ్రీలు.
కోణమానిని లేకుండా కుదుర్చుకున్నారు
పూర్తి పగా కాని, పూర్తి రాజీ కాని ఆ కూర్చోడం.

అంతే అనుకున్నా. ఇంకో రెండు రోజులు ఉండకపోతే
అంతే అనుకునేదాన్ని.
సోమవారం పెంచలమ్మ డబ్బాలో ఊరుబిండి మస్తాన్‌బీకి,
చెంగమ్మ ఒంటిగా.
మంగళవారం మస్తాన్‌బీ తలనొప్పికి చెంగమ్మ జండూబామ్,
పెంచలమ్మ కత్తి నూరుకుంటూ.
బుధవారం మధ్యాహ్నానికే జట్టు మళ్లీ మారింది,
నేను రాసుకోవడం మానేశాను.

ల్యాబులో నల్లరేకును హీలియం చలిలోకి దించాను.
చలంటే మన మార్గశిరం తెల్లవారుజాము కాదు,
దిగడానికి ఇక మెట్లు మిగలని చోటు.
రేకు గడ్డకట్టింది.
ముళ్లన్నీ ఎక్కడివక్కడ, ఎటుపడితే అటు,
తిరునాళ్లు అయ్యాక పడేసిన పందిరి కర్రల్లా.
మా సారు గ్రాఫు చూసి ఒక్కమాటన్నారు: "కల్తీ."
ఇనుము ఉండాల్సిన చోట ఇంకేదో కూర్చుంది,
చుక్కలు తప్పిన ముగ్గు.

అప్పుడు కొలిమిలో మేమే ఒక స్ఫటికం పెంచాం.
నెలన్నర పట్టింది, వచ్చింది గోరంత.
అదే చలి. గ్రాఫులో మలుపు కోసం
రాత్రంతా కూర్చున్నా, మలుపు రాలేదు.
లోపల ముల్లుకీ ముల్లుకీ జట్టు,
కట్టిన జట్టు కట్టినట్టే మారుతూ,
అన్ని జట్లూ ఒకేసారి నిజమవుతూ.
చల్లబడింది. చల్లారలేదు.

ఫోన్ చేశాను. స్పీకర్లో పెట్టారు.
"మీ రేకు గడ్డకట్టింది పెంచలమ్మా, కల్తీ అంట.
కల్తీ లేనిది మాత్రం కట్టలేదు."
కాసేపు కత్తులు పొరల్లోకి దిగే చప్పుడు.
"అట్టయితే మాలో కల్తీ లేనట్టేగా" అంది.
ఎవరో నవ్వారు,
చెంగమ్మో మస్తాన్‌బీయో పోల్చుకోలేకపోయా.
ఆ నవ్వు మీదే ఇంకో గొంతు,
"నువ్వు మాట్లాడమాక, ముందు నా యాభై వేలు..."

లైను కట్టయింది.
నా వేలికి ఇంకా అంటుకునే ఉంది
ఆ షెడ్డు పొడి, ఒక నలుసు.
దీపం కింద ఎటు తిప్పితే అటు మెరుస్తోంది.